తుఫానుకు దెబ్బతిన్న పైకప్పు: అమెరికా గృహబీమా క్లెయిమ్ పరిభాష

వడగళ్లు, పెనుగాలి, హరికేన్, టోర్నడో వంటివాటి వల్ల ఇంటి పైకప్పు దెబ్బతింటే, దాన్ని బాగుచేయడానికో పూర్తిగా మార్చడానికో అయ్యే ఖర్చు ఇమ్మని ఇంటి యజమాని బీమా కంపెనీని కోరడమే పైకప్పు క్లెయిమ్. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో దీని చుట్టూ పెద్ద పరిభాషే అల్లుకుంది. అందులో కొన్ని పదాలు కప్పు విలువను కొలుస్తాయి. కొన్ని ఆ విలువను కంపెనీకీ యజమానికీ మధ్య పంచుతాయి. మరికొన్ని ఏ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తేలుస్తాయి. తొలి చెక్కు చూసి క్లెయిమ్ ముగిసిందనుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఈ మూడో రకం పదాల దగ్గరే.

టెక్సాస్, ఓక్లహోమా, కొలరాడో వడగళ్లకూ, ఫ్లోరిడా, లూసియానా తీరాలు హరికేన్లకూ పేరుపడ్డాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో సొంత ఇళ్లు కొనుక్కున్నాయి. వసంతకాలపు వడగళ్ల వాన వెలిసిన మర్నాడు రూఫింగ్ కాంట్రాక్టర్లు తలుపు తట్టడం వారికి తెలిసిన అనుభవమే.

నష్టం తీరు

అమెరికా ఇళ్ల కప్పుల్లో అత్యధికం ఆస్ఫాల్ట్ షింగిల్స్‌తో వేసినవే. ఫైబర్‌గ్లాస్ పొరకు తారు పట్టించి, పైన ఖనిజపు రవ్వ అద్దిన పలకలను షింగిల్స్ అంటారు. వీటిలో పలచని త్రీ-ట్యాబ్ రకం పాతది. రెండు పొరలు అతికించిన లామినేటెడ్ రకం ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. వడగడ్డ తగిలిన చోట రవ్వ రాలి, కింది పొర చిట్లుతుంది. ఆ మచ్చను బ్రూజ్ అంటారు. నీరు వెంటనే కారకపోవచ్చు గానీ, ఎండకు తారు బయటపడి కప్పు ఆయుష్షు తగ్గుతుంది. గాలి దెబ్బ వేరేలా ఉంటుంది: షింగిల్ అతుకు ఊడి వెనక్కి మడుచుకుని, మడత పడ్డ చోట గీత పడుతుంది. గాలి తగ్గాక అది మళ్లీ యథాస్థానంలో కూర్చుంటుంది కాబట్టి నేలమీద నుంచి చూస్తే ఏమీ కానట్టే కనిపిస్తుంది.

అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ 2010 నుంచి అంగుళం లేదా అంతకుమించిన వడగడ్డను తీవ్రమైనదిగా లెక్కిస్తోంది. అంతకుముందు ముప్పావు అంగుళం చాలేది. 2016 ఏప్రిల్ 11న డాలస్‌కు ఈశాన్యాన ఉన్న వైలీ పట్టణంలో సాఫ్ట్‌బాల్ అంత వడగళ్లు పడి కప్పులకు రంధ్రాలు పడ్డాయి. 2017 మే 8న డెన్వర్ ప్రాంతంలో పడ్డ వడగళ్లకు సుమారు 230 కోట్ల డాలర్ల బీమా నష్టం వాటిల్లింది.

చరిత్ర

అమెరికా ఆస్తిబీమా భాషకు మూలం అగ్నిప్రమాద పాలసీ. 165 వరుసల పాలసీగా పేరుపడ్డ 1943 నాటి న్యూయార్క్ ప్రామాణిక పాలసీ, నష్టం జరిగిన నాటికి ఆస్తికి ఉన్న యాక్చువల్ క్యాష్ వాల్యూ మేరకే చెల్లింపు అని పేర్కొంది. గాలి, వడగళ్లు అందులో లేవు; వాటికోసం ఎక్స్‌టెండెడ్ కవరేజ్ అనే అనుబంధాన్ని విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫ్ నార్త్ అమెరికా 1950లో అగ్ని, గాలి, దొంగతనం, ఇతరులకు కలిగే నష్టపు బాధ్యత, అన్నిటినీ ఒకే పాలసీలో కలిపి అమ్మడంతో నేటి హోమ్‌ఓనర్స్ పాలసీ మొదలైంది.

తీరప్రాంతాల్లో మార్పును తెచ్చినవి హరికేన్లే. 1970లో సీలియా టెక్సాస్ తీరాన్ని దెబ్బతీశాక, ప్రైవేటు కంపెనీలు గాలిబీమా ఇవ్వని తీరపు కౌంటీల కోసం 1971లో టెక్సాస్ విండ్‌స్టార్మ్ ఇన్సూరెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. 1992 ఆగస్టులో ఆండ్రూ దక్షిణ ఫ్లోరిడాను తుడిచిపెట్టాక పలు బీమా కంపెనీలు దివాలా తీశాయి. నిలదొక్కుకున్నవి నష్టంలో కొంత యజమాని మీదికి నెట్టే శాతం డిడక్టిబుల్‌ను ప్రవేశపెట్టాయి. ఫ్లోరిడాలో మరెక్కడా బీమా దొరకనివారి కోసం సిటిజన్స్ ప్రాపర్టీ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ 2002లో ఏర్పడింది.

పాలసీలో కప్పు ఎక్కడుంది

సొంత ఇళ్లకు ఎక్కువగా అమ్ముడయ్యేది హెచ్‌ఓ-3 నమూనా. అందులో కవరేజ్-ఎ ఇంటి కట్టడానికి, బి విడిగా ఉన్న షెడ్డు, కంచె వంటివాటికి, సి ఇంట్లో సామానుకు, డి ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే బయట ఉండే ఖర్చుకు వర్తిస్తాయి. పైకప్పు కవరేజ్-ఎ కిందికి వస్తుంది. కట్టడం విషయంలో హెచ్‌ఓ-3 ఓపెన్ పెరిల్స్ పద్ధతిని పాటిస్తుంది, అంటే మినహాయింపుల్లో చెప్పినవి తప్ప మిగిలిన కారణాలన్నిటికీ రక్షణ ఉన్నట్టే. సామానుకు మాత్రం పేరుపెట్టి చెప్పిన ప్రమాదాలకే రక్షణ. అరుగుదల, కుళ్లు, నిర్వహణ లోపం, వరద మినహాయింపుల్లో ఉంటాయి. పాత కప్పు మీద కొత్త వాన పడితే ఏది తుఫాను నష్టం, ఏది వయసు తెచ్చిన అరుగుదల అన్న వాదన ఇక్కడే పుడుతుంది.

మూల పాలసీ నిబంధనను మార్చే అనుబంధ పత్రం ఎండార్స్‌మెంట్. ఏటా రెన్యువల్ సమయంలో వచ్చే కాగితాల్లో చాలామంది చదవకుండా పక్కన పెట్టేది దీన్నే. కప్పుకు సంబంధించిన కీలకమైన కోతలన్నీ అందులోనే ఉంటాయి (చూడండి: కోతల ఎండార్స్‌మెంట్లు).

విలువను కొలిచే పదాలు

రీప్లేస్‌మెంట్ కాస్ట్ వాల్యూ, వాడుకలో ఆర్‌సీవీ, అంటే పాడైన కప్పు స్థానంలో అదే రకం, అదే నాణ్యత ఉన్న కొత్త కప్పు వేయడానికి ఇవాళ్టి ధరల్లో అయ్యే మొత్తం. యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే ఏసీవీ, ఆ మొత్తంలోంచి తరుగుదల తీసేయగా మిగిలేది. తరుగుదలను సాధారణంగా కప్పు వయసును దాని అంచనా ఆయుష్షుతో భాగించి లెక్కిస్తారు. కప్పు స్థితిని బట్టి, నష్టానికి విలువ కట్టే అడ్జస్టర్ కొంత పెంచడం, తగ్గించడం ఉంటుంది.

ఏసీవీకి అన్ని రాష్ట్రాల్లో ఒకే నిర్వచనం లేదు. కొన్ని రాష్ట్రాలు పైన చెప్పిన తీసివేతనే పాటిస్తాయి. మరికొన్నిచోట్ల బ్రాడ్ ఎవిడెన్స్ రూల్ నడుస్తుంది. విలువను సూచించే ఏ ఆధారాన్నయినా పరిశీలించవచ్చనేది దాని సారం. 1928లో న్యూయార్క్ కోర్టులో తేలిన మెకానర్నీ కేసు దీనికి మూలం. అక్కడ కాలిపోయినవి మద్యనిషేధం వల్ల పనిలేకుండా పోయిన మాల్టు తయారీ భవనాలు. కొత్తగా కట్టే ఖర్చులోంచి అరుగుదల మాత్రమే తీసేస్తే, ఎవరికీ అక్కరలేని భవనానికి భారీ విలువ కట్టినట్టవుతుందన్నది అసలు చిక్కు.

ఆర్‌సీవీ పాలసీలో తరుగుదల శాశ్వతంగా పోయేది కాదు. పని పూర్తయ్యేదాకా కంపెనీ దాన్ని తన దగ్గర ఆపి ఉంచుతుంది. పని అయినట్టు బిల్లు చూపిస్తే విడుదల చేస్తుంది. దీన్ని రికవరబుల్ డిప్రిసియేషన్ అనీ, హోల్డ్‌బ్యాక్ అనీ అంటారు. ఏసీవీ పాలసీలోనో, కప్పును ఏసీవీకి పరిమితం చేసిన ఎండార్స్‌మెంట్ ఉన్నప్పుడో ఆ తరుగుదల తిరిగి రాదు, అది నాన్-రికవరబుల్.

డిడక్టిబుల్

ప్రతి క్లెయిమ్‌లో యజమాని భరించాల్సిన భాగం డిడక్టిబుల్. అమెరికా పాలసీలో సాధారణంగా రెండు రకాలుంటాయి. నిప్పు, దొంగతనం వంటివాటికి వెయ్యో రెండువేలో డాలర్ల స్థిరమొత్తం ఒకటి. గాలి, వడగళ్లకు శాతం లెక్కన మరొకటి. ఆ శాతాన్ని నష్టం మీద లెక్కిస్తారని చాలామంది పొరబడతారు. నిజానికి లెక్కించేది కవరేజ్-ఎ పరిమితి మీద. నాలుగు లక్షల డాలర్ల కట్టడానికి 2 శాతమంటే 8,000 డాలర్లు, నష్టం ఎంతైనా సరే.

హరికేన్ డిడక్టిబుల్ ఇంకో రకం. అది 19 రాష్ట్రాల్లోనూ కొలంబియా జిల్లాలోనూ అమల్లో ఉంది. తుఫానుకు అధికారికంగా పేరుపెట్టడం, హెచ్చరిక జారీ కావడం వంటి షరతు నెరవేరితేనే ఇది వర్తిస్తుంది; ఆ షరతును ట్రిగ్గర్ అంటారు. ఫ్లోరిడాలో 500 డాలర్లు, 2, 5, 10 శాతాల ఎంపికలుంటాయి.

డిడక్టిబుల్ మేమే చూసుకుంటామని కాంట్రాక్టర్ ఆశపెట్టడం వడగళ్ల ప్రాంతాల్లో పాత అలవాటు. ఆ మొత్తాన్ని కంపెనీకిచ్చే బిల్లులో కలిపేస్తే అది మోసమే. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం యజమాని డిడక్టిబుల్ కట్టి తీరాలి. ఆపిన తరుగుదలను విడుదల చేసే ముందు, కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగవచ్చు.

ఒక ఊహా లెక్క

కప్పు వయసు 12 ఏళ్లు, ఆయుష్షు 30 ఏళ్లు, ఆర్‌సీవీ 22,000 డాలర్లు, డిడక్టిబుల్ 8,000 డాలర్లు అనుకుందాం. అన్ని వస్తువులకూ ఒకే శాతం వేస్తే తరుగుదల 40 శాతం, అంటే 8,800. ఏసీవీ 13,200. అందులోంచి డిడక్టిబుల్ పోగా తొలి చెక్కు 5,200 డాలర్లు. పని పూర్తయి బిల్లు అందాక 8,800 వస్తాయి. కంపెనీ ఇచ్చింది మొత్తం 14,000, యజమాని పెట్టుకుంది 8,000. ఇదే కప్పుకు ఏసీవీ పాలసీ అయితే 5,200తోనే సరి; యజమాని భారం 16,800కు చేరుతుంది.

కప్పు వయసు 20 ఏళ్లయితే చిత్రం మారిపోతుంది. తరుగుదల సుమారు 14,667, ఏసీవీ 7,333. అది డిడక్టిబుల్ కంటే తక్కువ కాబట్టి తొలి చెక్కే ఉండదు. ఆర్‌సీవీ పాలసీదారు పని చేయించి బిల్లు చూపితే 14,000 దాకా పొందగలడు. తొలి ఉత్తరంలో సున్నా చూసి క్లెయిమ్ తిరస్కరించారనుకుని వదిలేస్తే మాత్రం ఆ డబ్బు పోయినట్టే. ఏసీవీ పాలసీదారుకు ఎటుచూసినా వచ్చేదేమీ లేదు.

తనిఖీ, అడ్జస్టర్లు

నష్టాన్ని పరిశీలించి విలువ కట్టేవారు అడ్జస్టర్. కంపెనీ ఉద్యోగి అయితే స్టాఫ్ అడ్జస్టర్, పెద్ద తుఫాను తర్వాత కంపెనీ ఒప్పందం మీద తెచ్చుకునేవారు ఇండిపెండెంట్ అడ్జస్టర్. ఆ రెండోవారి పేరులో స్వతంత్రత ఉన్నా పని చేసేది కంపెనీ పక్షానే. యజమాని పక్షాన వాదించేది పబ్లిక్ అడ్జస్టర్. చెల్లింపులో కొంత శాతం ఫీజుగా తీసుకుంటారు. టెక్సాస్‌లో దానికి 10 శాతం పరిమితి ఉంది. ఒకే ఇంటికి కాంట్రాక్టరుగానూ పబ్లిక్ అడ్జస్టరుగానూ ఉండడాన్ని టెక్సాస్ చట్టం నిషేధించింది. ఆ నిషేధం చెల్లుతుందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో స్టోన్‌వాటర్ రూఫింగ్ కేసులో తేల్చింది.

కప్పెక్కిన అడ్జస్టర్ ప్రతి వాలు మీదా పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున సుద్దతో చదరం గీస్తాడు. అదే టెస్ట్ స్క్వేర్. అందులో కనిపించిన ప్రతి దెబ్బ చుట్టూ సున్నా చుట్టి లెక్కపెడతాడు. ఆ సంఖ్య కంపెనీ పెట్టుకున్న కొలతను దాటితే ఆ వాలు మొత్తం మారుస్తారు. గాలిగొట్టాల మూతలు, వర్షపు నీటి కాలువలు వంటి మెత్తని లోహభాగాల మీద సుద్దను అడ్డంగా రుద్దితే సొట్టలు తెల్లటి వలయాల్లా పైకి తేలతాయి. వడగళ్లు ఏ దిక్కు నుంచి, ఎంత పరిమాణంలో పడ్డాయో వాటిని బట్టి తెలుస్తుంది. డేట్ ఆఫ్ లాస్ అంటే నష్టం జరిగిన తేదీ. గడువులన్నీ దాన్నుంచే మొదలవుతాయి కాబట్టి ఏ వానకు దెబ్బతిందో తేల్చడం ముఖ్యం. ఫ్లోరిడాలో 2022 డిసెంబరు చట్టం తర్వాత కొత్త క్లెయిమ్‌కు ఏడాది, అనుబంధ క్లెయిమ్‌కు 18 నెలల గడువు.

నష్టం మరింత పెరగకుండా చూసే బాధ్యత యజమానిదే. కప్పు మీద టార్పాలిన్ కప్పించడం వంటి తాత్కాలిక రక్షణకు అయిన సహేతుకమైన ఖర్చును క్లెయిమ్‌లో చేర్చుకోవచ్చు; రసీదులు, ముందు తీసిన ఫొటోలు ఉంచుకోవాలి.

అంచనా పత్రం చదవడం

అంచనాలు ఎక్కువగా ఎక్సాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారవుతాయి. కప్పును స్క్వేర్లలో కొలుస్తారు. ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. పాత షింగిల్స్ పీకడానికి 25 స్క్వేర్లు, కొత్తవి వేయడానికి 28 స్క్వేర్లు అని ఉంటే అది పొరపాటు కాదు. మూలల్లోనూ అంచుల్లోనూ కోతకు పోయే భాగాన్ని వేస్ట్ పేరుతో కొత్తవాటికే కలుపుతారు. ప్రతి వరుసలో పరిమాణం, యూనిట్ ధర, ఆర్‌సీవీ, వయసు-ఆయుష్షు, తరుగుదల, ఏసీవీ గడులుంటాయి. తరుగుదల అంకె గుండ్రటి బ్రాకెట్లలో ఉంటే తిరిగి వచ్చేది, కోణాకారపు బ్రాకెట్లలో ఉంటే రానిది అన్నది ఆ పత్రాల్లో సాధారణంగా కనిపించే సంకేతం. యజమాని ముందుగా వెతకాల్సిన గుర్తు ఇదే.

షింగిల్స్ ఒక్కటే కప్పు కాదు. వాటి కింద డెకింగ్ అనే చెక్క పలకలు, అండర్‌లేమెంట్ పొర, గోడ కలిసేచోట ఫ్లాషింగ్, చూరు అంచున డ్రిప్ ఎడ్జ్, రెండు వాలులు కలిసే వెన్ను మీద రిడ్జ్ క్యాప్ ఉంటాయి. తొలి అంచనాలో వీటిలో కొన్ని తప్పిపోవడం మామూలే. పని మొదలయ్యాక బయటపడ్డ వస్తువుల కోసం కాంట్రాక్టర్ ఫొటోలతో సహా పంపే అదనపు అంచనాను సప్లిమెంట్ అంటారు. దానికి కొత్తగా డిడక్టిబుల్ పడదు.

పలు రకాల పనివాళ్లను సమన్వయం చేయాల్సి వచ్చినప్పుడు జనరల్ కాంట్రాక్టర్‌కు ఓవర్‌హెడ్ అండ్ ప్రాఫిట్ పేరుతో సాధారణంగా పదేసి శాతం కలుపుతారు. కప్పు ఒక్కటే మార్చే పనికి కంపెనీలు దీన్ని ఒప్పుకోకపోవడం పరిపాటి.

ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజ్ కొత్త భవన నిబంధనల వల్ల పెరిగే ఖర్చుకు. ఇల్లు కట్టిన నాటికి అక్కర్లేని డ్రిప్ ఎడ్జ్‌ను 2012 నాటి ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ తప్పనిసరి చేసింది. పాతకాలపు ఇళ్లలో సందులు వదిలి కొట్టిన చెక్కల మీద షింగిల్స్ వేయకూడదు, నిండు పలకలు పరచాలి. ఈ కవరేజ్ లేకపోతే ఆ ఖర్చు యజమానిదే. ఫ్లోరిడాలో కప్పులో 25 శాతానికి మించి పాడైతే మొత్తం కొత్త కోడ్‌కు తేవాలనే నిబంధన ఉండేది. 2007 నాటి కోడ్ ప్రకారమో ఆ తర్వాతి కోడ్ ప్రకారమో వేసిన కప్పులకు 2022లో దాన్ని సడలించారు.

చెక్కు మీద పేర్లు

ఇంటిమీద అప్పు ఉంటే చెక్కు మీద యజమానితో పాటు అప్పిచ్చిన సంస్థ పేరూ ఉంటుంది. రెండు సంతకాలూ పడితేనే బ్యాంకు తీసుకుంటుంది. ఆ సంస్థలోని లాస్ డ్రాఫ్ట్ విభాగం డబ్బును తన దగ్గర ఉంచుకుని, పని సాగేకొద్దీ విడతలుగా ఇవ్వడం కద్దు. కాంట్రాక్టర్ అడ్వాన్సు అడిగే వేళకూ డబ్బు అందే వేళకూ పొంతన కుదరకపోవడానికి కారణం తరచు ఇదే. టెక్సాస్ చట్టం ప్రకారం బీమా కంపెనీ క్లెయిమ్ అందినట్టు 15 రోజుల్లో తెలపాలి. అడిగిన సమాచారమంతా చేరాక 15 పనిదినాల్లో ఒప్పుకుందో లేదో చెప్పాలి.

వివాదాలు

గాలా, నీరా అన్నది తీరప్రాంతాల్లో అతిపెద్ద తగువు. వరద గృహబీమాలో ఉండదు. దానికి 1968లో ఏర్పడ్డ జాతీయ వరద బీమా పథకం ఉంది. 2005లో కత్రీనా హరికేన్ తర్వాత గాలికి కప్పు లేచిందా, ఉప్పెనకు ఇల్లు కొట్టుకుపోయిందా అన్న కేసులు మిసిసిపి, లూసియానా కోర్టుల్లో వెల్లువెత్తాయి. మినహాయించిన కారణం ఏ వరుసలో కలిసినా చెల్లింపు ఉండదనే యాంటీ-కాంకరెంట్ కాజేషన్ నిబంధన అప్పుడే బాగా చర్చకొచ్చింది.

తరుగుదలను కూలీకీ వర్తింపజేయవచ్చా అన్న ప్రశ్నకు రాష్ట్రానికో జవాబు వచ్చింది. వేయవచ్చని ఓక్లహోమా సుప్రీంకోర్టు 2002లో రెడ్‌కార్న్ కేసులో చెబితే, కుదరదని ఆర్కాన్సా సుప్రీంకోర్టు 2013లో ఆడమ్స్ కేసులో తీర్పిచ్చింది. ఇంకో ప్రశ్న మ్యాచింగ్: ఒక వాలు మార్చితే రంగు కలవని రెండో వాలునూ మార్చాలా? మినెసోటా సుప్రీంకోర్టు 2014లో, వడగళ్లకు దెబ్బతిన్న గోడపలకల కేసులో, రంగు పోలిక కుదిరేలా మార్చాలన్న తీర్పును నిలబెట్టింది.

విలువ మీదే తేడా వస్తే చాలా పాలసీల్లో అప్రైజల్ నిబంధన అక్కరకొస్తుంది. ఇరువైపులా ఒక్కో అప్రైజర్, వారిద్దరూ కలిసి ఎంచుకున్న అంపైర్. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్న మొత్తమే ఖాయం. క్లెయిమ్ హక్కును కాంట్రాక్టర్‌కు రాసివ్వడాన్ని అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్ అంటారు. ఫ్లోరిడాలో దీనిమీద వ్యాజ్యాలు పెరిగిపోవడంతో, 2023 జనవరి 1 నుంచి జారీ అయిన గృహ పాలసీలకు దాన్ని రద్దు చేశారు.

కోతల ఎండార్స్‌మెంట్లు

వడగళ్ల నష్టాలు పెరిగేకొద్దీ కంపెనీలు కప్పుకు ప్రత్యేక నియమాలు పెడుతున్నాయి. రూఫ్ పేమెంట్ షెడ్యూల్ ఉంటే కప్పు రకం, వయసును బట్టి పట్టికలో రాసిన శాతమే చెల్లిస్తారు. నీరు కారనంతవరకు లోహపు కప్పు మీద సొట్టలకు చెల్లింపు లేదనేది కాస్మెటిక్ డ్యామేజ్ మినహాయింపు. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు చెప్పే మార్పుల వెనక ఈ రెండిట్లో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

దెబ్బకు తట్టుకునే షింగిల్స్‌కు పలు కంపెనీలు రాయితీ ఇస్తాయి. యూఎల్ 2218 పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి వదిలినా చిట్లనివాటికి అత్యున్నతమైన క్లాస్-4 గుర్తింపు దక్కుతుంది. అయితే ఈ రాయితీ తీసుకున్నవారికి కాస్మెటిక్ మినహాయింపును కూడా తగిలించే పాలసీలున్నాయి.

భారతదేశంలో సమానార్థకాలు

ఇండియాలో గృహాలకు ప్రామాణికమైనది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ. తుఫాను, సైక్లోన్, వరద ఒకే పాలసీలో ఉండడం అమెరికా పద్ధతికి పెద్ద తేడా. నష్టాన్ని అంచనా వేసేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సున్న సర్వేయర్. కట్టడానికి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను చదరపు మీటరు నిర్మాణ ఖర్చుతో గుణించి కడతారు. స్థలం విలువ అందులో చేరదు.